వేలు – వ్రాలు: 'డిజిటల్ సిగ్నేచర్' పదచరిత్ర

ఒక పదం ఎక్కడ పుట్టినది, ఏయే భాషల మీదుగా ప్రయాణించినది, ఆ ప్రయాణంలో ఏ అర్థాన్ని విడిచి ఏ అర్థాన్ని గ్రహించినది అని విచారించేది వ్యుత్పత్తి శాస్త్రం. మన కళాశాలల్లో ఈ విచారణ సాధారణంగా తత్సమ తద్భవాల పాఠంతో ఆరంభమై పరీక్షతో ముగిసిపోతుంది. నిత్యవ్యవహారంలోని ఒక క్రొత్త మాటకు కూడా ఈ శాస్త్రాన్ని అన్వయించి చూడవచ్చునని, దాని వలన లోకజ్ఞానం కూడా కలుగుతుందని మా విశ్వాసం. ఈ చిన్న వ్యాసానికి ప్రేరణ మా తరగతిలోని ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్న.

తద్భవాల పాఠం ముగిసిన ఒక రోజున ఆమె తన ఆదాయ ధ్రువపత్రాన్ని మా ముందు ఉంచినది. ఉపకారవేతనపు దరఖాస్తుతో పాటు దానిని ఒక కార్యాలయంలో ఇవ్వబోగా, అక్కడి ఉద్యోగి "దీని మీద సంతకం లేదు, ఆకుపచ్చ సిరాతో సంతకం చేయించుకొని రండి" అని త్రిప్పి పంపినాడట. పత్రం అడుగున 'డిజిటల్‌గా సంతకం చేయబడినది' అని స్పష్టంగా అచ్చయి ఉన్నది. బీడీలు చుట్టే ఆమె తల్లి ఆనాటి కూలిని వదులుకొని కుమార్తె వెంట తిరిగినది. "సార్, సంతకం ఉన్నదని కాగితం చెబుతున్నది, లేదని ఆఫీసు వారు చెబుతున్నారు. అసలు సంతకం అంటే ఏమిటి?" అని ఆ అమ్మాయి అడిగినది.

ఆ ప్రశ్నకు మేము అప్పటికప్పుడు చెప్పిన సమాధానం మాకే తృప్తినీయలేదు. తీరికగా నిఘంటువులను, చట్టాన్ని ముందు పెట్టుకొని ఆలోచించిన తరువాత మాకు తోచిన విషయాలను ఇక్కడ విద్యార్థుల ముందు ఉంచుతున్నాము.

డిజిటల్ – వేలి నుండి అంకెకు

లాటిన్ భాషలో 'డిజిటుస్' అంటే వ్రేలు. చేతి వ్రేలికైనా కాలి వ్రేలికైనా అదే మాట. వృక్షశాస్త్ర విద్యార్థులకు 'డిజిటాలిస్' అను మొక్క పేరు తెలిసే ఉంటుంది. దాని పూవు వ్రేలికి తొడిగే తొడుగు వలె ఉండడం చేత 1542లో జర్మను పండితుడు లియొన్‌హార్ట్ ఫుక్స్ దానికి ఆ పేరు పెట్టినాడు. గుండె జబ్బులకు వాడే ఒక ప్రసిద్ధ ఔషధం ఆ మొక్క నుండి వచ్చినదే.

వ్రేలు అంకెగా మారడంలో వింత లేదు. మానవుడు మొదట లెక్కించినది వ్రేళ్లతోనే. క్రీ.శ. 725 ప్రాంతంలో ఇంగ్లండుకు చెందిన బీడ్ అను క్రైస్తవ సన్యాసి వ్రేళ్లను మడచి పెద్ద పెద్ద సంఖ్యలను సూచించే పద్ధతిని తన గ్రంథంలో వివరించినాడు. అరబ్బులు ఇటువంటి లెక్కను 'హిసాబుల్ యద్' అన్నారు, అనగా చేతి లెక్క. మన పల్లెల పశువుల సంతలో తువ్వాలు క్రింద ఒకరి వ్రేళ్లు ఒకరు పట్టుకొని గుట్టుగా బేరమాడే దళారులు కూడా ఈ విద్యలో ఆరితేరినవారే. మధ్యయుగాల నాటి ఐరోపా గణితజ్ఞులు ఒకటి నుండి తొమ్మిది వరకు గల అంకెలను 'వ్రేళ్లు' అని, పదులను 'కణుపులు' అని వ్యవహరించినారు. ఆ వ్రేలే ఆంగ్లంలో 'డిజిట్' అయినది, అనగా అంకె.

అంకె నుండి యంత్రానికి అడుగు వేసినది 20వ శతాబ్దిలో. 1942లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల గణితజ్ఞుడు జార్జి స్టిబిట్జ్, విద్యుత్ స్పందనలతో లెక్క కట్టే యంత్రాలను 'డిజిటల్' అని పిలవడం మేలని సూచించినాడు. నాటి నుండి ఆ మాటలో వ్రేలు మరుగున పడి అంకె మాత్రమే మిగిలినది. నేడు డిజిటల్ అన్నప్పుడు ఎవరికీ వ్రేలు గుర్తుకు రాదు.

సిగ్నేచర్ – గుర్తు నుండి వ్రాతకు

రెండవ పదానికి మూలం లాటిన్‌లోని 'సిగ్నుమ్', అనగా గుర్తు. రోమను సైన్యాలు ముందు నడిపించుకొనిపోయే ధ్వజచిహ్నాన్ని కూడా సిగ్నుమ్ అనేవారు. గుర్తు వేయడం 'సిగ్నారె'. దాని నుండి 'సిగ్నేచర్' వచ్చినది. సిగ్నుమ్ అను మాటకు అల్పార్థకం 'సిగిల్లుమ్', చిన్న గుర్తు అని దాని భావం. ఆంగ్లంలోని 'సీల్', మనం ముద్ర అని చెప్పేది, దాని నుండి పుట్టినదే. కాబట్టి సంతకం, ముద్ర ఆంగ్లంలో ఏకోదరులు.

ఈ బంధుత్వం చరిత్రలోనూ కనిపిస్తుంది. ఐరోపాలో చాలాకాలం పత్రానికి ప్రామాణ్యం ఇచ్చినది ముద్రయే. వ్రాయడం వచ్చినవారు కొద్దిమంది. తక్కినవారు సిలువ గుర్తు వేసేవారు. 1677లో ఇంగ్లండు పార్లమెంటు మోసాల నివారణకు చేసిన ప్రసిద్ధ శాసనం, కొన్ని రకాల ఒప్పందాలు వ్రాతపూర్వకంగా ఉండాలని, బాధ్యత వహించే వ్యక్తి వాటి మీద సంతకం చేసి ఉండాలని విధించినది. న్యాయశాస్త్రంలో సంతకానికి పట్టాభిషేకం జరిగిన ఘట్టాలలో అది ఒకటి.

ఇక మన భాషలను చూద్దాము. తెలుగులో సంతకానికి అచ్చమైన పాత మాట 'చేవ్రాలు'. చేయి, వ్రాలు అను రెండు పదాలు కలిసి ఏర్పడిన సమాసం ఇది. ఉర్దూలో 'దస్తఖత్' అంటాము. ఇందులో 'దస్త్' పారసీక పదం, చేయి అని అర్థం. 'ఖత్' అరబ్బీ పదం, గీత లేక వ్రాత అని అర్థం. సంస్కృతం నుండి వచ్చినది 'హస్తాక్షరం'. వేర్వేరు భాషల నుండి వచ్చిన ఈ మూడు పదాలూ చేతిని విడిచిపెట్టలేదు. మనం ప్రతిదినం వాడే 'దస్తావేజు'లోని మొదటి భాగం కూడా ఆ చేయే.

అక్షరం రాని వారు వేసే గుర్తుకు మన దస్తావేజుల భాషలో 'నిశానీ' అని పేరు. ఇది పారసీకంలోని 'నిషాన్' నుండి వచ్చినది, గుర్తు అని అర్థం. లాటిన్ సిగ్నుమ్‌కు ఇంతకంటె సరియైన పర్యాయపదం దొరకదు. వ్రేలితో వేసే నిశానీని 'వేలిముద్ర' అంటాము. విద్యార్థులు ఇక్కడ ఒక చమత్కారాన్ని గమనించాలి. 'డిజిటల్' అనగా వ్రేలికి చెందినది, 'సిగ్నేచర్' అనగా గుర్తు. కేవలం వ్యుత్పత్తిని బట్టి అనువదిస్తే 'డిజిటల్ సిగ్నేచర్'కు తెలుగు మాట 'వేలిముద్ర' అవుతుంది! అత్యాధునికమని మనం భావించే పదం లోపల, అక్షరం రాని మన అమ్మమ్మలు, నానమ్మలు వేసిన నిశానీయే దాగి ఉన్నది.

వేలిముద్రకు మన దేశపు ఋణం

వేలిముద్ర న్యాయవ్యవహారంలో స్థిరపడిన కథలో మన దేశానికి ముఖ్యమైన స్థానం ఉన్నది. 1858లో బెంగాలులోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అను ఆంగ్లేయ అధికారి, రోడ్డు పనికి సరకు సరఫరా చేసే ఒప్పందం మీద రాజ్యధర్ కొనాయి అను స్థానికుని అరచేతి ముద్రను వేయించుకొన్నాడు. తరువాత వాడు సంతకం తనది కాదని అనకుండా భయపెట్టడమే మొదట అతని ఉద్దేశ్యం. క్రమంగా వేలిముద్రలు ఏ ఇద్దరివీ ఒకటిగా ఉండవని, ఏళ్లు గడచినా మారవని అతనికి నమ్మకం కుదిరినది. 1877లో హుగ్లీ జిల్లాలో పింఛనుదారుల విషయంలోనూ, దస్తావేజుల రిజిస్ట్రేషనులోనూ అతడు వేలిముద్రలను ప్రవేశపెట్టినాడు.

1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం ఏర్పడినది. లక్షల ముద్రలలో కావలసిన ఒక్క ముద్రను వెదకి తీయడానికి వర్గీకరణ కావాలి. ఆ వర్గీకరణను రూపొందించడంలో గణితజ్ఞుడైన అజీజుల్ హక్, ఆయన సహోద్యోగి హేమచంద్ర బోస్ చేసిన కృషి గొప్పది. అయినప్పటికీ ఆ పద్ధతి లోకంలో వారి పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీ పేరుతోనే ప్రసిద్ధి పొందినది. గణితం చదివే మన విద్యార్థులు అజీజుల్ హక్ పేరును జ్ఞాపకం ఉంచుకోదగును.

రెండు పదాల కలయిక

అమెరికాలో 'డిజిటల్ సిగ్నేచర్' అను జంటపదం వాడుకలోకి వచ్చినప్పుడు దానిని వాడినవారి మనస్సులో వ్రేలు లేదు. వారి ముందున్న సమస్య వేరు. తంతి ద్వారా పంపిన సందేశం అంకెల వరుస మాత్రమే. అంకెలను ఎవరైనా నకలు చేయవచ్చును. అటువంటప్పుడు 'ఇది ఫలానా వ్యక్తి పంపినదే' అని తెలియజేసే గుర్తు ఎట్లా వేయాలి? 1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు, వ్రాతసంతకానికి సమానమైన దానిని గణితంతో సాధించవచ్చునని ఒక వ్యాసంలో ప్రతిపాదించినారు. 1978లో రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ అను ముగ్గురు ప్రచురించిన వ్యాసం దానికి ఆచరణయోగ్యమైన మార్గం చూపినది. ఆ వ్యాసం శీర్షికలోనే 'డిజిటల్ సిగ్నేచర్స్' అను మాట ఉన్నది.

వారి ఉపాయాన్ని సులభంగా ఇట్లా చెప్పవచ్చును. 89ని 97తో గుణించమంటే పాఠశాల పిల్లవాడు కూడా 8633 అని చెబుతాడు. కాని 8633ను మాత్రమే ఇచ్చి, ఏ రెండు సంఖ్యలను గుణిస్తే ఇది వచ్చినదని అడిగితే చాలాసేపు తడుముకోవాలి. నేడు వాడుకలో ఉన్న సంఖ్యలకు ఆరు వందల పైచిలుకు అంకెలు ఉంటాయి. వాటిని విడదీయడం నేటి యంత్రాలకు కూడా సాధ్యం కాదు. ఈ గణితం ఆధారంగా ప్రతి వ్యక్తికి రెండు తాళంచెవులు తయారవుతాయి. ఒకటి రహస్యం, యజమాని వద్దనే ఉంటుంది. రెండవది బహిరంగం, అందరికీ అందుబాటులో ఉంటుంది. రహస్యపు తాళంచెవితో వేసిన గుర్తును బహిరంగపు తాళంచెవితో ఎవరైనా సరిచూడవచ్చును. సరిచూడగలిగిన వారెవరూ దానిని స్వయంగా వేయలేరు.

పత్రం మొత్తానికి బదులు దాని సారాంశమైన ఒక చిన్న సంఖ్య మీద ఈ గుర్తు వేస్తారు. ఆ సారాంశాన్ని 'హాష్' అంటారు. ఇది ఫ్రెంచి భాషలో గొడ్డలికి పేరైన 'హాష్' నుండి, ముక్కలుగా కొట్టడం అను అర్థం గల 'హాషే' క్రియ నుండి వచ్చినది. ఆంగ్లేయుల ఇండ్లలో ముక్కలుగా తరిగిన మాంసపు వంటకానికి కూడా ఇదే పేరు. మన ఇండ్లలోని 'ఖీమా' వంటిదన్నమాట. మాంసం నుండి ఖీమా చేయవచ్చును గాని ఖీమా నుండి తిరిగి మాంసఖండాన్ని చేయలేము. హాష్ గుణం కూడా అదే. పత్రం నుండి హాష్ వస్తుంది, హాష్ నుండి పత్రం రాదు. పత్రంలో ఒక్క కామా మారినా హాష్ పూర్తిగా మారిపోయి మోసం బయటపడుతుంది.

ఈ విద్యకంతటికీ ఆధారం రహస్యలిపి శాస్త్రం. రహస్యలిపికి ఆంగ్లంలో 'సైఫర్' అని పేరు. మన పూర్వులు కనుగొన్న 'శూన్యం' అను భావాన్ని అరబ్బులు తమ భాషలో 'సిఫ్ర్' అన్నారు, ఖాళీ అని దాని అర్థం. అది లాటిన్ మీదుగా ఐరోపాకు చేరి ఒక వైపు 'జీరో' అయినది, మరొక వైపు 'సైఫర్' అయినది. మొదట సున్నకు, తరువాత ఏ అంకెకైనా, ఆ పైన అంకెలతో వ్రాసే రహస్యలిపికి అది పేరైనది. 9వ శతాబ్దిలో బాగ్దాదు పండితుడు అల్ కిందీ, అక్షరాలు ఎన్నిసార్లు వస్తున్నాయో లెక్కించి రహస్యలిపిని ఛేదించే పద్ధతిని గ్రంథస్థం చేసినాడు. తెలుగులోని 'సున్న', ఉర్దూలోని 'సిఫర్', ఆంగ్లంలోని 'సైఫర్' ఒకే భావానికి మూడు వేషాలు. మన కళాశాలలో ప్రక్క ప్రక్క గదులలో బోధింపబడుతున్న భాషలు ఈ ఒక్క పదంలో ఈ విధంగా కలుసుకొంటున్నాయి.

చట్టం గుర్తించిన సంతకం

అమెరికాలోని యూటా రాష్ట్రం 1995లో డిజిటల్ సంతకానికి ప్రత్యేక చట్టం చేసినది. 1996లో ఐక్యరాజ్యసమితి వాణిజ్య న్యాయ సంఘం ఒక నమూనా చట్టాన్ని దేశాల ముందు ఉంచినది. దానిని అనుసరించి మన పార్లమెంటు చేసిన సమాచార సాంకేతిక చట్టం 2000 అక్టోబరు 17న అమలులోకి వచ్చినది. చేతి సంతకం కావలసిన చోట డిజిటల్ సంతకం చెల్లుతుందని ఆ చట్టం ప్రకటించినది. వీలునామా వంటి కొన్ని పత్రాలను మాత్రం మినహాయించినది. వీలునామాకు నేటికీ చేవ్రాలో నిశానీయో కావలసిందే.

2008 సవరణతో 'ఎలక్ట్రానిక్ సిగ్నేచర్' అను విశాలమైన పదం చట్టంలో చేరినది. ఇది జాతి, డిజిటల్ సిగ్నేచర్ అందులో ఒక ఉపజాతి. అందుచేత ఈ రెండింటినీ పర్యాయపదాలుగా వాడడం సరికాదు.

ఇప్పుడు మా విద్యార్థిని ప్రశ్నకు వద్దాము. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన మీసేవ ద్వారా వచ్చే ధ్రువపత్రాలు ఈ విధంగా సంతకం చేయబడినవే. అయితే అసలు సంతకం కాగితం మీద లేదు, యంత్రంలోని దస్త్రంలో ఉన్నది. కాగితం మీది వాక్యం దానిని సూచించే నీడ వంటిది. ఆ నీడను చూచి నమ్మనవసరం లేదు, పత్రం మీది సంఖ్యను బట్టి అసలును సరిచూచుకొనవచ్చును. కాబట్టి ఆ ఉద్యోగి చేయవలసిన పని సంఖ్యను సరిచూడడం, ఆకుపచ్చ సిరాను అడగడం కాదు. సంతకం ఉన్నదన్న కాగితమూ అబద్ధమాడలేదు, కనిపించలేదన్న ఉద్యోగి కన్నూ అబద్ధమాడలేదు. మాట మారినదే గాని ఆ మాట అర్థం ఆ కార్యాలయానికి చేరలేదు. ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించినది మాత్రం ఒక బీడీ కార్మికురాలు.

చేయి పోయినది, బాధ్యత మిగిలినది

పద చరిత్ర మనకు నేర్పే ముఖ్యమైన పాఠం ఇక్కడ ఉన్నది. చేవ్రాలులో, దస్తఖత్‌లో, హస్తాక్షరంలో మనిషి చేయి ఉన్నది. చేయి ఎవరిదో సంతకం వారిది. డిజిటల్ సంతకంలో చేయి లేదు, తాళంచెవి ఉన్నది. అది ఎవరి చేతిలో ఉంటే వారు మన పేరిట సంతకం చేయగలరు. ధ్రువీకరించిన ఇటువంటి సంతకం పత్రం మీద ఉంటే, అది ఆ వ్యక్తి తన ఇష్టంతో చేసినదేనని న్యాయస్థానం మొదట భావిస్తుంది. కాదని నిరూపించే భారం కాదన్నవారి మీదనే పడుతుంది. తన రహస్యపు తాళంచెవిని జాగ్రత్తగా కాపాడుకోవడం, అది పరుల పాలైతే వెంటనే ధ్రువీకరణ సంస్థకు తెలియజేయడం యజమాని విధి అని చట్టం స్పష్టంగా చెబుతున్నది.

మనలో ఎందరు ఈ విధిని పాటిస్తున్నాము? తెల్లకాగితం మీద సంతకం చేసి ఇమ్మంటే మన ఇంటి పెద్దలు ససేమిరా ఒప్పుకోరు. కాని అదే మనిషి తన డిజిటల్ సంతకపు పరికరాన్ని రహస్యసంఖ్యతో సహా పద్దులు వ్రాసే గుమాస్తా బల్ల సొరుగులో వదలి నిశ్చింతగా ఇంటికి వస్తాడు. ఫోనుకు వచ్చిన ఓటీపీని అడిగిన వారికి చదివి వినిపిస్తాడు. తెల్లకాగితం మీద నిశానీ వేసి ఇవ్వడానికి, దీనికి భేదం లేదు. చదువురాని వారు వెనుక ఈ విధంగా భూములు పోగొట్టుకొన్నారని మనం జాలిపడతాము. చదువుకొన్నవారు అదే పని చేస్తే దానికి ఏ పేరు పెట్టాలి?

ఈ కథలో చివరి మలుపు ఒకటి ఉన్నది. 2015 నుండి మన దేశంలో ఆధార్ ఆధారంగా ఎలక్ట్రానిక్ సంతకం చేసే పద్ధతి కూడా చట్టబద్ధమైనది. ఓటీపీతో గాని, యంత్రం మీద వ్రేలు పెట్టి గాని గుర్తింపు ఇచ్చి సంతకం చేయవచ్చును. లాటిన్‌లో వ్రేలిగా పుట్టి, అంకెగా మారి, యంత్రంలో చేరిన 'డిజిటల్' తిరిగి వ్రేలి దగ్గరికే వచ్చినది. కాని ఏళ్ల తరబడి ఆకును కత్తిరించి, చుట్టి, దారం కట్టిన చేతుల సంగతి ఏమిటి? ఆ వ్రేళ్ల మీద గీతలు అరిగిపోయి ఉంటాయి. యంత్రం వాటిని గుర్తించక నిరాకరిస్తుంది. మా విద్యార్థిని తల్లికి ఎన్నోసార్లు జరిగినది ఇదే. వ్రాయలేని వ్యక్తి వేసే గుర్తు కూడా సంతకమేనని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం చెప్పినది. అక్షరం రానివారిని ఆనాటి చట్టం సంతకానికి దూరం చేయలేదు. కష్టపడి పనిచేసినందుకు వ్రేలి గీతలు కోల్పోయిన వారిని నేటి యంత్రం దూరం చేయరాదు. కనుపాపతోనో మరొక మార్గంతోనో వారిని గుర్తించే ఏర్పాటు ప్రతి కేంద్రంలోనూ నిజంగా అందుబాటులో ఉండాలి.

విద్యార్థులకు మా మనవి ఒక్కటే. మీ ఇండ్లలో ఈ మాట అర్థం తెలిసినవారు బహుశా మీరు ఒక్కరే. తల్లిదండ్రులు వ్రేలు పెట్టే ముందు, సంఖ్య చెప్పే ముందు, ఆ పత్రంలో ఏమున్నదో వారికి తెలుగులోనో ఉర్దూలోనో చదివి చెప్పండి. మీ ధ్రువపత్రాన్ని ఎవరైనా సంతకం లేదని త్రిప్పి పంపితే, దానిని సరిచూచే విధానాన్ని వినయంగా తెలియజేయండి. మా విద్యార్థిని మరునాడు ఆ పనే చేసినది. దరఖాస్తు స్వీకరింపబడినది. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నకు మాత్రమే పనికివస్తుందని అందరూ భావించే వ్యుత్పత్తి శాస్త్రం, ఒక తల్లికి మరొక దినపు కూలి నష్టం కాకుండా ఆపగలిగినది. భాషను బోధించేవారికి ఇంతకంటె సంతోషం మరొకటి ఉండదు.